నీటికి నిలిచిన వాచీ క్రీముకు నిలుస్తుందా?

ఖరీదైన వాచీ కొన్నవాళ్లకు అందే సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. సబ్బు నీళ్లతో కడుక్కోమని ఒక కంపెనీ చెబుతుంది. సబ్బు తగలనివ్వొద్దని ఇంకో కంపెనీ హెచ్చరిస్తుంది. చర్మ వైద్యులు ఎండలోకి వెళ్లేముందు సన్‌స్క్రీన్ రాసుకోమంటారు. మలేరియా ఉన్న ప్రాంతాల్లో దోమల క్రీము తప్పనిసరి అంటారు ఆరోగ్య సిబ్బంది. వాచీ మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆ రెండూ వాచీకి శత్రువులే అంటాడు. ఎవరి మాటా అబద్ధం కాదు. కానీ ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. అవన్నీ ఒకే ప్రశ్న అనుకోవడం వల్లే చిక్కు పడింది.

నర్సీపట్నం లాంటి ఊళ్లో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. అనకాపల్లి జిల్లాలోని ఈ పట్టణం మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం. ఇక్కడ వేసవిలో చెమట, ఉక్కపోత. ఘాట్ ఎక్కితే చింతపల్లి, లంబసింగి. దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. కింద సన్‌స్క్రీన్, పైన కోల్డ్ క్రీమూ వ్యాజిలైనూ, రెండు చోట్లా దోమల క్రీము. ఒకే చెయ్యి, ఒకే వాచీ ఇన్నింటినీ ఒక్క రోజులో చూస్తాయి. పైగా భారత్, స్విట్జర్లాండు సహా నాలుగు దేశాల కూటమితో 2024 మార్చి 10న చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం విడతలవారీగా తగ్గుతోంది. ఒకప్పుడు పెద్ద నగరాలకే పరిమితమైన వాచీలు చిన్న పట్టణాల చేతులకూ చేరుతున్న వేళ ఈ వాదాలన్నింటినీ ఒకచోట పెట్టి చూడడం అవసరం.

నీటి మీద గెలుపు, రసాయనం మీద మౌనం

చేతి గడియారం చరిత్రలో పెద్ద పోరాటం నీటితోనే జరిగింది. 1926లో రోలెక్స్ 'ఆయిస్టర్' పేరుతో మరలు బిగించి మూసే కేసును తెచ్చింది. మరుసటి ఏడాది మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ చానెల్‌లో ఆ వాచీతో ఈదింది. అక్కడి నుంచి 'నీరు దూరదు' అన్న మాట వాచీ గొప్పతనానికి కొలమానమైంది.

మన దేశంలో వాచీ సామాన్యుడి చేతికి వచ్చింది హెచ్‌ఎంటీతో. జపాన్ సిటిజెన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన తయారీ జనతా, పైలట్, కాంచన్ లాంటి పేర్లను ఇంటింటికీ చేర్చింది. హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో టైటాన్‌ను స్థాపించారు. పెళ్లికొడుక్కి అత్తవారు పెట్టే వాచీ ఆ రోజుల్లో ఇంటి ఆస్తి. వాటిలో చాలావాటికి అద్దం అక్రిలిక్ ప్లాస్టిక్, కేసు క్రోము పూసిన ఇత్తడి. ఇప్పుడు వారసత్వంగా చేతులు మారుతున్నవి ఇవే. ధరలో చిన్నవైనా రసాయనాల ముందు ఇవి స్విస్ వాచీల కంటే సుకుమారం. ఈ చర్చలో వాటిని మరిచిపోకూడదు.

నీటి పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మామూలు వాచీలకు ఇప్పుడు వర్తించేది 2010 నాటి ఐఎస్ఓ 22810. లోతు నీళ్లలో మునిగే డైవర్ల వాచీలకు ఐఎస్ఓ 6425. ఈ పరీక్షల్లో ఒకటి తెలుసుకోదగ్గది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి పలక మీద ఉంచుతారు. వేడెక్కాక అద్దం మీద ఒక చల్లని నీటిచుక్క వేస్తారు. నిమిషం ఆగి తుడుస్తారు. అద్దం లోపలి వైపు ఆవిరి పట్టిందంటే లోపలికి తేమ దూరినట్టే, ఆ వాచీ తప్పినట్టే.

నర్సీపట్నం ఉక్కలోంచి లంబసింగి చలిలోకి వెళ్లిన వాచీకి ప్రకృతి పెట్టేది అచ్చం ఈ పరీక్షే. కింద ఉన్నప్పుడు దూరిన తేమ గాలి పైకి వెళ్లాక అద్దం కింద మంచులా పేరుకుంటుంది. 'కొండ మీద పాడైంది' అనుకుంటాం. నిజానికి అది కిందే, ఎప్పుడో, రబ్బరు రింగు దగ్గర మొదలైంది.

ఈ ప్రమాణాలన్నీ నీటి ఒత్తిడినీ వేడి మార్పునీ చూస్తాయి. డైవర్ల వాచీకి ఉప్పునీటి పరీక్ష ఉంది. బంగారు పూతల మీద చెమట ప్రభావం చూడడానికి ఐఎస్ఓ 3160 ఉంది. సన్‌స్క్రీన్, దోమల క్రీము, తలరంగు మాత్రం ఈ నీటి పరీక్షల్లో లేవు. వెనక మూత మీద '50 మీటర్లు' అన్న అంకె వాటి గురించి ఏమీ చెప్పదు.

నాలుగు వాదాలు

*దూరం పాటించాలనేవారు.* ఒమేగా, టిస్సాట్ లాంటి స్వాచ్ గ్రూపు కంపెనీల పుస్తకాలు ఈ పక్షం. ద్రావకాలు, డిటర్జెంట్లు, సెంట్లు, సౌందర్య సాధనాలు తగిలితే బెల్టు, కేసు, రబ్బరు రింగులు చెడిపోవచ్చని అవి హెచ్చరిస్తాయి. ఈ వాదం బలం దాని సూటిదనం: తగలకపోతే చెడదు. బలహీనత కూడా అక్కడే ఉంది. రోజుకు నాలుగుసార్లు విప్పే వాచీ నాలుగుసార్లు కింద పడే అవకాశం ఉంటుంది, కుళాయి గట్టు మీదో బస్టాండులోనో మరిచిపోయే అవకాశమూ ఉంటుంది.

*కడుక్కుని వాడాలనేవారు.* రోలెక్స్ ఈ పక్షం. కీ పూర్తిగా బిగించి ఉందో లేదో చూసుకుని, కేసునీ లోహపు చైనునీ సబ్బు నీళ్లతో, మెత్తని బ్రష్షుతో కడగవచ్చంటుంది. రోజూ మీద పడే జిడ్డును ఆపలేం, పేరుకోకుండా మాత్రం చూసుకోగలం అన్నది దీని సారం. కానీ స్మార్ట్‌వాచీల దగ్గర ఇది తలకిందులవుతుంది. సబ్బు, సెంటు, దోమల మందు, లోషన్, సన్‌స్క్రీన్, నూనె, తలరంగు తగిలితే నీటిని ఆపే శక్తి తగ్గవచ్చని యాపిల్ తన వాచీ గురించి రాసింది. రెండూ నిజమే ఎలా అవుతాయి? సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది. మామూలు నీరు ఆగిపోయే సన్నని సందులోకి సబ్బు నీరు జారుకుంటుంది. మర బిగింపు, దళసరి రబ్బరు రింగు ఉన్న కేసుకు అది పెద్ద లెక్క కాదు. జిగురుతో అతికిన తెర, స్పీకరు రంధ్రాలున్న స్మార్ట్‌వాచీకి అది లెక్కే.

*సరైన పదార్థం ఎంచుకోవాలనేవారు.* కొనేటప్పుడే సగం రక్షణ అయిపోవాలన్నది వీరి మాట. వాచీల్లో ఎక్కువగా వాడే 316ఎల్ స్టీలులో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది. రోలెక్స్ 1985 నుంచి వాడకం మొదలుపెట్టిన 904ఎల్ స్టీలులో అది 4 నుంచి 5 శాతం, క్రోమియం, నికెల్ కూడా ఎక్కువ. ఉప్పు, చెమటల్లోని క్లోరైడు తొలిచే సన్నని గుంటలను ఇవే అడ్డుకుంటాయి. సఫైర్ అద్దానికి కాఠిన్యం 9, వజ్రానికి 10. వంటింట్లోగానీ బాత్రూములోగానీ ఉండే ఏ రసాయనమూ సఫైర్‌ను ముట్టుకోలేదు. సెరామిక్ కూడా అంతే. ఇదంతా నిజమైనా ఎంత ఖరీదైన వాచీలోనైనా వెనక మూత కింద, కీ చుట్టూ ఉండేది రబ్బరు రింగే. గొలుసు బలం అంతా ఆ రింగు దగ్గర తేలిపోతుంది.

*ఒళ్లు ముందు, వాచీ తరవాత అనేవారు.* వైద్యుల పక్షం ఇది. దోమ కుట్టే చోట వాచీ కోసం క్రీము మానేయడం తెలివితక్కువ. ఆసుపత్రుల్లో ఇంకో అడుగు ముందుకు వేశారు: బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2007లో, రోగిని తాకే సిబ్బంది మోచేతి కింద ఏమీ ధరించకూడదన్న విధానం తెచ్చారు. వాచీ కింద చేతులు సరిగా శుభ్రపడవన్నది కారణం. 2020లో కోవిడ్‌తో శానిటైజరు ప్రతి చేతికీ వచ్చాక ఈ వాదం ఆసుపత్రి గోడలు దాటింది.

ఏది దేన్ని చెడగొడుతుంది

*సన్‌స్క్రీన్.* ఇందులో వాడే ఆక్టినాక్సేట్, ఆక్టిసలేట్ లాంటివి ఎస్టర్లు. వాచీ రింగుల్లో ఎక్కువగా కనిపించే నైట్రైల్ రబ్బరు మినరల్ నూనెను బాగా తట్టుకుంటుంది కానీ ఎస్టర్లను అంతగా తట్టుకోదు, ఉబ్బుతుంది. అవోబెంజోన్ ఇనుము ఉన్న నీటితో కలిస్తే పసుపు, నారింజ మరకలు పెడుతుంది. బోరు నీళ్లలో ఇనుము ఉన్న ఊళ్లలో తెల్ల బెల్టు, తెల్ల గుడ్డ రంగు మారడానికి ఇదొక కారణం. జింకు ఆక్సైడు రకం క్రీము రసాయనికంగా మెత్తనిదే, కానీ చైను లంకెల మధ్య తెల్లని పిండిలా పేరుకుంటుంది.

*దోమల క్రీము.* డీట్ అనే రసాయనాన్ని అమెరికా సైన్యం 1940లలో తయారు చేయించింది. అది కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది. ప్లాస్టిక్ వస్తువులకూ వాచీ అద్దాలకూ హాని అని దాని డబ్బాల మీదే హెచ్చరిక ఉంటుంది. ఇక్కడ అద్దం అంటే అక్రిలిక్ అద్దం. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఓడోమస్‌లో ఉండేది డీట్ కాదు, ఎన్,ఎన్-డైఇథైల్ బెంజమైడ్. అయితే ఆ అణువు డీట్‌కి దగ్గరి చుట్టమే, ఒక్క మిథైల్ గుంపు తేడా. కాబట్టి ప్లాస్టిక్ అద్దం ఉన్న పాత వాచీకి రెంటినీ ఒకేలా దూరంగా ఉంచడం క్షేమం.

*శానిటైజరు, సెంటు.* ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన శానిటైజరులో ఇథనాల్ 80 శాతం లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 75 శాతం ఉంటుంది. స్టీలుకూ సఫైర్‌కూ ఇది ఏమీ చెయ్యదు. తోలు బెల్టు మీది పూతనూ రంగునూ మాత్రం లాగేస్తుంది, తోలు బిరుసెక్కి పగుళ్లిస్తుంది. అక్రిలిక్ అద్దంలో వెంట్రుకల్లాంటి పగుళ్లు పుట్టిస్తుంది. సెంట్లలోనూ ఎక్కువ భాగం ఆల్కహాలే. అత్తరులో ఆల్కహాలు లేకపోయినా నూనె తోలులోకి ఇంకి మరక మిగులుతుంది.

*గోళ్ల రంగు తుడిచే ద్రవం.* అందులో అసిటోన్ ఉంటే అన్నింటికంటే వేగంగా పనిచేస్తుంది. అక్రిలిక్‌ను మసక చేస్తుంది. నైట్రైల్ రబ్బరునీ, మామూలుగా రసాయనాలకు లొంగని ఫ్లోరో రబ్బరునీ కూడా ఉబ్బిస్తుంది.

*తలరంగు.* చాలా రకాల్లో అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడు ఉంటాయి. క్రోము పెచ్చులూడి ఇత్తడి బయటపడిన పాత కేసుకు అమ్మోనియా చెడ్డది. దీని వెనక మన దేశపు చరిత్రే ఉంది. బ్రిటిష్ పాలనలో వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతట అవే పగిలిపోయేవి. అక్కడ గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోహంలో మిగిలిన ఒత్తిడి కలిసి చేసిన పని అని 1921 నాటికి శాస్త్రజ్ఞులు తేల్చారు.

*పసుపు, చింతపండు, నూనె.* పసుపు లేతరంగు సిలికాన్, నైలాన్ బెల్టులకు అంటుకుంటుంది. సబ్బు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. కడిగి ఎండలో పెడితే చాలావరకు వెలిసిపోతుంది, పసుపులోని కుర్‌కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి. ఇత్తడి బిందెలు తోమే చింతపండును వాచీ మీద వాడకూడదు, బంగారు పూత బిందె మందంలో ఉండదు. కొబ్బరి నూనె, వ్యాజిలైను లోహాన్ని చెడగొట్టవు. కానీ ధూళిని పట్టి ఉంచుతాయి.

*బ్లీచింగ్, బాత్రూము యాసిడ్.* స్టీలుకు నిజమైన ప్రమాదం ఇవే. హైపోక్లోరైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండూ క్లోరైడును తెస్తాయి, స్టీలును కాపాడే సన్నని ఆక్సైడు పొరను చీలుస్తాయి. ఒకసారి గుంట పడితే పాలిష్‌తోనే పోవాలి.

*పొలం మందులు, జీడి నూనె.* పురుగుమందు కొట్టేటప్పుడు, జీడిపిక్కలు కొట్టేటప్పుడు వాచీ ఉండకూడదు. ఇక్కడ కాపాడవలసింది వాచీని కాదు. తోలు, గుడ్డ బెల్టులు మందును పీల్చి గంటల తరబడి చర్మానికి అదిమి ఉంచుతాయి. ఒళ్లు కాల్చే జీడి నూనె కూడా బెల్టు కింద చిక్కుకుంటే అంతే.

లంకెల మధ్య ఏం జరుగుతుంది

ఇన్నింటిలోనూ జనం కంటపడని నష్టం ఒకటుంది. నెలల తరబడి వాడిన చైనును వెలుతురులో పెట్టి లంకెలు విడదీసినట్టు వంచితే సందుల్లో బూడిద రంగు ముద్ద కనిపిస్తుంది. క్రీము, చెమట ఉప్పు, చనిపోయిన చర్మం, రోడ్డు ధూళి కలిసిన పదార్థం అది. మణికట్టు కదిలిన ప్రతిసారీ ఆ ముద్దలోని ఇసుక రేణువులు లంకెల పిన్నులను అరగదీస్తాయి. కొన్నేళ్లకు చైను వదులై వేలాడుతుంది. అదే ముద్ద కింద గాలి ఆడక, ఉప్పు నిలిచి, మంచి స్టీలు కూడా సందుల్లో తొలిచినట్టవుతుంది. రసాయనం కరిగించడం వల్ల పోయే వాచీల కంటే, జిడ్డు నిలవడం వల్ల అరిగే వాచీల బాధ నెమ్మదైనది, కానీ ఖాయమైనది.

ఒక చూపులో

| పదార్థం | దెబ్బ తగిలే చోటు | చేయవలసింది |
|---|---|---|
| సన్‌స్క్రీన్ | రబ్బరు రింగు, లేతరంగు బెల్టు | రాసుకుని 15 నిమిషాలు ఆగి పెట్టుకోవాలి |
| దోమల క్రీము | అక్రిలిక్ అద్దం, ప్లాస్టిక్ కేసు | వాచీ కింద రాయకుండా చుట్టూ రాయాలి |
| శానిటైజరు, సెంటు | తోలు, అక్రిలిక్ | పూర్తిగా ఆరాక పెట్టుకోవాలి |
| అసిటోన్, తలరంగు | రబ్బరు, ఇత్తడి, ప్లాస్టిక్ | ముందే విప్పి పక్కగదిలో పెట్టాలి |
| బ్లీచింగ్, యాసిడ్ | స్టీలు | విప్పాలి, తగిలితే వెంటనే మంచినీళ్లతో కడగాలి |
| వ్యాజిలైను, కొబ్బరి నూనె | లంకెల సందులు, తోలు | రాత్రి తడిగుడ్డతో, తోలైతే పొడిగుడ్డతో తుడవాలి |

వాచీల వారీగా చూస్తే, మర బిగింపు కీ ఉన్న స్టీలు వాచీ అన్నింటికంటే ఓర్పు గలది. తోలు బెల్టు వాచీకి నీళ్లే పడవు. స్మార్ట్‌వాచీకి సబ్బు వద్దు, తడిగుడ్డ చాలు. పాత హెచ్‌ఎంటీ, ఆల్విన్ వాచీలకు నీళ్లూ స్పిరిటూ రెండూ వద్దు, పొడిగుడ్డే మందు.

ఇంకా తేలనివి

మొదటిది, రబ్బరు రింగు ఆయుష్షు. ఏడాదికోసారి నీటి పరీక్ష చేయించమని కొన్ని కంపెనీలు అంటాయి. ఉక్కపోతలో రోజూ క్రీము రాసుకునే చేతికీ, చల్లని దేశంలో కోటు కింద ఉండే చేతికీ ఒకే గడువు ఎలా సరిపోతుంది? మన వాతావరణానికి తగిన గడువును కంపెనీలు విడిగా చెప్పవలసి ఉంది.

రెండోది, బెల్టు పదార్థం. చెమటకూ నూనెకూ క్రీముకూ చెక్కుచెదరదని ఫ్లోరో రబ్బరు బెల్టులకు పేరు. 2024 డిసెంబరులో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 వాచీ బెల్టుల పరీక్ష ఫలితాలను ప్రచురించారు. 15 బెల్టుల్లో ఫ్లోరిన్ అధికంగా ఉంది. చాలాకాలం విరగకుండా ఉండే పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఏ అనే రసాయనం కొన్నింటిలో ఎక్కువ మోతాదులో తేలింది. అది చర్మం గుండా ఒంట్లోకి ఎంత చేరుతుందన్నది ఇంకా పరిశీలించవలసిన విషయం. వాచీని రసాయనం నుంచి కాపాడే బెల్టే మనిషికి రసాయనం అంటిస్తుందా అన్న ఈ ప్రశ్న మూడో వాదాన్ని ఇరుకున పెట్టింది. పరిశోధకులు సిలికాన్ బెల్టుల వైపు మొగ్గు చూపారు. సిలికానేమో ధూళినీ జిడ్డునూ ఇట్టే పట్టుకుంటుంది.

మూడోది, పాలీయురిథేన్ బెల్టులు, కేసులు. ఇవి గాలిలో తేమకే నెమ్మదిగా విరిగి జిగటగా మారతాయి. కోస్తా, మన్యం వాతావరణంలో పెట్టెలో దాచిన వాచీ కూడా ఇలా పోవచ్చు. చెడింది క్రీము వల్లనా, తేమ వల్లనా అన్నది బయటి నుంచి విడదీసి చెప్పడం కష్టం.

నాలుగోది, చర్మం. యూరప్‌లో చర్మాన్ని అంటి ఉండే వస్తువులు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ వదలకూడదు. వాచీ కింద దురద పుడితే జనం ముందు నికెల్‌నే అనుమానిస్తారు. బెల్టు కింద చిక్కిన సబ్బు, ఆరని క్రీము కూడా అదే దద్దురు తెస్తాయి. రెంటినీ వేరు చేయడం చర్మ వైద్యుడి పని, వాచీ దుకాణం పని కాదు.

తేల్చి చెప్పగలిగింది

నాలుగు వాదాలనూ పక్కపక్కన పెడితే అవి పోట్లాడుకోవలసినవి కావని తెలుస్తుంది. ఒళ్లు ముందన్నది క్రమం చెబుతుంది. దూరం పాటించమన్నది అసిటోన్, తలరంగు, బ్లీచింగు, యాసిడ్ లాంటి గట్టి రసాయనాలకు వర్తిస్తుంది. కడుక్కోమన్నది క్రీము, నూనె, చెమటలకు వర్తిస్తుంది. పదార్థం చూసుకోమన్నది కొనే రోజుకు వర్తిస్తుంది. వీటిలో దేన్నైనా అన్ని వేళలకూ సాగదీసినప్పుడే తప్పు దొర్లుతుంది. ఖరీదైన వాచీకి అన్నిటికంటే పెద్ద ప్రమాదం దాని ధర ఇచ్చే ధీమా. సఫైర్ అద్దానికీ బంగారు కేసుకూ ఏమీ కాదు, వాటి మధ్య ఉన్న రబ్బరు రింగుకు అవుతుంది.

వాచీలు అమ్మేవాళ్లకూ ఒక విన్నపం. నీటి లోతు అంకెతో పాటు ఏ రసాయనం తగలకూడదో పేర్లతో సహా ఒక్క పేజీ తెలుగులో అచ్చువేసి ఇవ్వండి. కొన్నవాళ్లు చేయవలసినది కష్టమేమీ కాదు: ముందు క్రీము, అది ఆరాక వాచీ. రాత్రి విప్పాక ఒకసారి తడిగుడ్డ, తోలు బెల్టు గానీ పాత వాచీ గానీ అయితే పొడిగుడ్డ. సెల్లు మార్పించిన ప్రతిసారీ రబ్బరు రింగు కూడా చూడమని మెకానిక్‌ను అడగండి. సెల్లు లేని ఆటోమేటిక్ వాచీ అయితే ఏడాదికోసారి, కొండెక్కే చలికాలానికి ముందే, నీటి పరీక్ష చేయించండి.